నాలుగో ముక్క

రాజక్క వంట చేసే బడిలో గుడ్డు పెట్టే రోజున పిల్లలెవ్వరూ ఎగ్గొట్టరు. జ్వరం వచ్చినవాడు కూడా చెవులకు మఫ్లరు చుట్టుకుని, మధ్యాహ్నం గంట కొట్టే వేళకు పళ్లెం పట్టుకుని హాజరవుతాడు. వరంగల్‌లో ఒక పాత గల్లీ, గల్లీ చివర మూడు గదుల సర్కారు బడి, బడి పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డే రాజక్క రాజ్యం. అరవైకి దగ్గర పడిన మనిషిని ఒకటో తరగతి పిల్ల నుంచి పెద్దసారు కిషన్ రావు దాకా అందరూ రాజక్క అనే పిలుస్తారు. ఆమె కూడా ఎవరినీ దిద్దలేదు.

ఆమెకు బంగారం లేదు, సొంత ఇల్లు లేదు. ఉన్నది ఒకే ఒక్క గొప్ప. "నా చేతి కింద ఏ పిల్లగాని పళ్లెం వెలితిగ పోలే" అని ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేది. ఆ మాట వట్టిది కూడా కాదు. పదమూడేళ్లు అలాగే వడ్డించింది. గంటె పట్టుకున్నా, డబ్బా పట్టుకున్నా ఆమె బొటనవేలు ఎప్పుడూ బయటే ఉంటుంది. దానికీ ఒక కథ ఉంది.

రాజక్క పుట్టింది నర్సంపేట అవతల ఒక పల్లె. తల్లి వరికోతలకు పోయేది, కూలి వడ్లలో ఇచ్చేవారు. కొలిచే ఆసామి మానికను గుండెకానించి పట్టుకుని, బొటనవేలు లోపలికి దూర్చి కొలిచేవాడు. ఏడేళ్ల రాజమ్మ ఒకనాడు అది చూసి, "అవ్వా, ఆయన వేలు లోపట పెడతాండే!" అని కళ్లం అంతా వినబడేలా అరిచింది. తల్లి గబుక్కున నోరు మూసింది. ఇంటికి వచ్చాక తన బొటనవేలు చూపించి, "మానికకు గింత పోతది బిడ్డా. పది మానికలకు ఎంత పోతదో, ఎండకాలం దాక ఎంత పోతదో నువ్వే చూసుకో" అన్నది. రాజమ్మ మూడో తరగతితో బడి మానేసింది. నేర్చిన అక్షరాల్లో సగం మరిచిపోయింది కానీ ఆ బొటనవేలిని మరిచిపోలేదు. ఆ ఆసామి పేరు తలుచుకుని ఎన్నేళ్లయినా తిట్టేది. కడుపు కొట్టినోడు, వాని చెయ్యి పడిపోను, అని.

అలాంటి మనిషే వేలు లోపల పెట్టే రోజు ఎలా వచ్చింది?

దసరా పోయాక మార్కెట్లో పత్తి దిగే రోజుల్లో ఆమె మొగుడు పాండురంగం లారీ మీది నుంచి బస్తాతో సహా కింద పడ్డాడు. ముప్పై ఏళ్లుగా హమాలీ చేసిన మనిషి. ముళ్లకంప మీద కూడా నడిచిన కాలు పిక్క కింద రెండుగా విరిగింది. పెద్ద దవాఖానలో కట్టు కట్టి పంపుతూ డాక్టరమ్మ, "రోజుకు రెండు గుడ్లన్న పెట్టమ్మా, ఎముక తొందరగ అతుకుతది" అన్నది. రాజక్క తలూపి వచ్చింది. ఇంట్లో గుడ్డు ఆదివారం నాడే, అదీ ఇద్దరికీ ఒకటి.

ఆ వారమే బడిలో గుడ్ల ట్రే జారింది. కావాలని కాదు, నిజంగానే జారింది. ముప్పై ఆరుగురు పిల్లలకు ముప్పై ఆరు గుడ్లు వస్తే, తొమ్మిది నేలపాలయ్యాయి. మిగిలిన ఇరవై ఏడు ఉడికించి పొట్టు తీసి, ఏం చేయాలో తోచక కూర్చుంది. సగం సగం కోస్తే కొన్ని గుడ్లు మిగులుతాయి, అవి ఎవరికి ఇవ్వాలో తగాదా. చివరకు దారం తీసుకుని ఒక్కో గుడ్డును నాలుగుగా కోసి, పిల్లకు మూడు ముక్కల చొప్పున వేసుకుంటూ పోయింది. లెక్క కట్టి కాదు, చేతి వాటంగా. ఆఖరి పిల్లాడి పళ్లెంలో ఆఖరి మూడు ముక్కలు పడ్డాయి. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. రాజక్కే ఆశ్చర్యపోయింది.

పిల్లలైతే ఎగిరి గంతులేశారు. అన్నం మీద ఒక గుడ్డు ఒంటరిగా బోర్లా పడుకోవడం వేరు, పసుపు మొహాలు పైకి పెట్టి మూడు ముక్కలు వరసగా కూర్చోవడం వేరు.

"రాజక్కా, మూడేసినవ్!"

"నాకు సుత మూడే!"

మళ్లీ గుడ్డు రోజు వచ్చింది. ఈసారి ఒక్కటీ పగలలేదు. కానీ పిల్లలు పళ్లేలు చాపి "మూడు ముక్కలు, మూడు ముక్కలు" అని ఒకటే పాట. రాజక్క దారంతో కోసింది, మూడేసి వేసింది. అందరూ తిని చేతులు కడుక్కుని పోయారు. గిన్నె అడుగున చూస్తే ముప్పై ఆరు ముక్కలు ఉన్నాయి.

పిలిచి వేయవచ్చు. పిల్లలు ఇంకా నల్లా దగ్గరే ఉన్నారు. రాజక్క గంటె చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత తన స్టీలు డబ్బా తెరిచింది.

ఆ తర్వాత నుంచి ముక్కలు మిగిలించే పని కూడా పెట్టుకోలేదు. తొమ్మిది గుడ్లు ముందే పక్కకు తీసి, తువ్వాలలో చుట్టి, ఉల్లిగడ్డల బుట్ట కింద దాచేది. వారానికి మూడు గుడ్డు రోజులు. పాండురంగానికి రోజుకు రెండు. మిగిలినవి పులుసు. పాండురంగం కాలికోసమే అయితే ఆమె కూడా ఎందుకు తిన్నట్టు? తిన్నది. రుచిగానే తిన్నది.

"ఎక్కడియే ఇవి?" అని మొదటి రోజు మొగుడు అడిగాడు.

"మిగిలినయి. టీచర్లు తీస్కపొమ్మన్నరు."

ఇక అతను చూడండి! వాకిట్లో మంచం వేసుకుని, కట్టు కాలు పీట మీద చాపుకుని, దారిన పోయేవారినందరినీ ఆపి ఒకటే చెప్పడం. "మా రాజమ్మంటే బడిల సార్లకు పానం. గుడ్లు సుత ఇచ్చి పంపుతాండ్రు. ఎంత నమ్మకముంటె ఇస్తరు చెప్పుండ్రి?" పక్కింటి సావిత్రి, "నీకేంది అన్నా, అక్క చెయ్యి మంచిది" అనేది. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న రాజక్క చెవులు కాలిపోయేవి. అయినా మళ్లీ గుడ్డు రోజున చెయ్యి తువ్వాల దగ్గరకే పోయేది.

బడిలో ఎవరికీ అనుమానం రాలేదు. కిషన్ రావు సారు శాకాహారి, గుడ్డు రోజున షెడ్డు వైపు ముక్కు కూడా తిప్పడు. ధర్మసాగర్ నుంచి స్కూటీ మీద వచ్చే లిదియా టీచరు ఈ ఏడాదే కొత్త. మూడు ముక్కలు ఆమె చూస్తూనే ఉంది. పిల్లలు సంతోషంగా తింటుంటే నాలుగో ముక్క సంగతి ఎవరికి తడుతుంది?

సంక్రాంతి సెలవులకు ముందు ఒక గుడ్డు రోజు. నాలుగు, ఐదు తరగతులకు కలిపి లిదియా టీచరు భిన్నాలు మొదలుపెట్టింది. షెడ్డు కిటికీకి తరగతి కిటికీ ఎదురే. రాజక్క పప్పు తిప్పుతూ ఒక చెవి అటే వేసింది. ఎవరు ఏం చెబుతున్నా వినకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

టీచరు బోర్డు మీద గుండ్రంగా రొట్టె గీసింది. "ఈ రొట్టెను నాలుగు సమాన భాగాలు చేసినమనుకోండ్రి..."

ఐదో తరగతి వంశీ లేచి నిలబడ్డాడు. "రొట్టెను ఎవలు కోస్తరు టీచర్? చింపుకొని తింటం గద. గుడ్డునైతే మా రాజక్క కోస్తది."

"అవును టీచర్! దారంతోని! సర్రున!"

లిదియా టీచరు నవ్వింది. కిటికీ దగ్గరకు వచ్చి, "రాజక్కా, ఒక ఉడికిన గుడ్డు, దారం పట్టుకొని జర లోపలికి రారాదు? ఇయ్యాల పాఠం మీదే" అన్నది.

రాజక్క గుండె ఉబ్బింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు తువ్వాల గుర్తే రాలేదు. చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, నుదుటి చెమట తుడుచుకుని వెళ్లింది. మూడో తరగతితో మానేసిన మనిషి, బోర్డు పక్కన పిల్లల వైపు తిరిగి నిలబడటం జన్మలో అదే మొదలు. పొట్టు తీసిన గుడ్డును అరచేతిలో నిలబెట్టి, దారం ఒక కొస పళ్లతో పట్టి లాగింది. రెండయింది. మళ్లీ లాగింది. నాలుగయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఊకోండ్రి, ఏం సర్కసా?" అని కసిరింది కానీ మొహం వెలిగిపోయింది.

"ఒక్క ముక్కను ఏమంటరు?"

"పావు!"

"రాసేటప్పుడు?"

"వన్ బై ఫోర్!"

"వంశీ, పావుకు పావు కలిపి రాయి."

వంశీ పైన ఒకటీ ఒకటీ కూడి రెండు, కింద నాలుగూ నాలుగూ కూడి ఎనిమిది వేశాడు. టూ బై ఎయిట్. టీచరు రెండు ముక్కలు తీసి పళ్లెంలో వేసి వాడి ముందు పెట్టింది. "గుడ్డును ఎనిమిది ముక్కలు ఎప్పుడు కోసిందిరా రాజక్క? ముక్కలు పెరిగినయి గని, కోత మారలే గద. కింద నాలుగు అట్లనే ఉండాలె. పైవే కలపాలె. టూ బై ఫోర్, అంటే?"

"అర గుడ్డు!"

ఇంత తేలికా అనుకుంది రాజక్క. తన చిన్నప్పుడు ఇలా గుడ్డు కోసి చెప్పినవాళ్లు ఉంటేనా!

టీచరు మూడో ముక్కను కూడా పళ్లెంలో పెట్టింది. "త్రీ బై ఫోర్. ముప్పావు. మీ పళ్లెంల రోజు ఎన్ని పడతయి?"

"మూ...డు!" తరగతి దద్దరిల్లింది. అందరికంటే పెద్ద గొంతు నాలుగో తరగతి మానసది. పరకాలలో ఉండే తన మేనమామ కూతురితో "మీ బడిల ఒక్కటే, మా బడిల మూడు" అని పండుగ పండుగకూ గొప్పలు పోయే పిల్ల అది.

"శాబాష్. ఒకటిలోంచి ముప్పావు తీసేస్తే ఎంత మిగులుతది?" చెబుతున్న ధాటిలో టీచరు అడిగేసింది.

"వన్ బై ఫోర్" అన్నారు పిల్లలు. ఈసారి గొంతులు అంత గట్టిగా లేవు. అందరి కళ్లూ రాజక్క చేతి వైపు తిరిగాయి. నాలుగో ముక్క ఇంకా ఆమె అరచేతిలోనే ఉంది.

మానస నెమ్మదిగా లేచింది. "టీచర్... అంటే మూడు ముక్కలు ఒక్క గుడ్డు కన్న తక్కువనా?"

మానస కనుబొమలు దగ్గరకు తెచ్చి వేళ్లు మడుస్తోంది. "ఒక్కలకు పావు మిగిలితే, ముప్పై ఆరు మందికి... థర్టీ సిక్స్ ఇంటూ వన్ బై ఫోర్... థర్టీ సిక్స్ బై ఫోర్... నైన్! తొమ్మిది గుడ్లు టీచర్!" గుణకారం కుదిరిన సంతోషంలో ఆ పిల్ల మొహం దీపంలా ఉంది.

"కరెక్ట్" అన్నది లిదియా టీచరు అలవాటుగా. అన్న తర్వాత ఆమె చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది.

రాజక్క నోరు దానంతట అదే తెరుచుకుంది. "పగులుతయి బిడ్డా... ట్రేలల్ల వచ్చేటప్పుడు కొన్ని పగులుతయి."

"ప్రతిసారి తొమ్మిదే పగులుతయా?" అన్నాడు వంశీ. వాడి మాటలో విషం లేదు, లెక్క ఉంది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఆ, పగులుతయి. కూసో వంశీ" అన్నది టీచరు. డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచేసింది. రాజక్క వైపు చూడలేదు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్లు నిండని ఆడపిల్ల రాజక్క అబద్ధానికి తన మాట అడ్డం పెట్టింది. అది రాజక్క ఎలా మోయాలి? అరచేతిలోని ముక్కను పళ్లెంలో పెట్టి, తల వంచుకుని షెడ్డుకు వచ్చేసింది.

ఉల్లిగడ్డల బుట్ట కింద తువ్వాల ఉంది. లోపల తొమ్మిది. మానస చెప్పినన్నే. చదువు మానేసి యాభై ఏళ్లయ్యాక, ఆ ఆసామి వేలు తన చేతికే మొలిచినట్టు రాజక్కకు తన బొటనవేలు అసహ్యంగా కనబడింది.

తువ్వాల విప్పి అన్నిటినీ గిన్నెలో వేసింది. ఆ రోజు పిల్లలకు నిండు గుడ్లు వేసింది. వేస్తే ఏమైంది? ఒకటో తరగతి బుడ్డది గొల్లుమంది. "నాకు ఒక్కటే ఏసింది! నాకు మూడు కావాలె!" దాన్ని చూసి ఇంకో ఇద్దరు మొదలుపెట్టారు. రాజక్క దారం తీసి, వాళ్ల పళ్లేలలోనే కోసి నాలుగు ముక్కలూ పరిచింది. బుడ్డది కళ్లు తుడుచుకుని వేలితో లెక్కపెట్టింది. "రాజక్కా, ఇయ్యాల ఒకటి ఎక్కువేసినవ్!" అని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వుకు రాజక్క తల తిప్పుకుంది.

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఇక నుంచి నిండు గుడ్డు వేస్తే ఎవరడుగుతారు? సాయంత్రం నాలుగింటికి ఇంటికి పోతూ ఆమె తనకు తాను అదే చెప్పుకుంది. వాకిట్లో పాండురంగం సావిత్రితో మాట్లాడుతున్నాడు.

"అగో వచ్చింది. ఏమే, ఇయ్యాల డబ్బా తేలికగ ఊగుతాంది? టీచర్లకు కోపమొచ్చిందా ఏంది?" అని నవ్వాడు.

"లోపలికి రా" అన్నది రాజక్క.

"కాలు..."

"కర్ర పట్టుకొని రా."

తలుపు దగ్గరగా వేసి, గోడను చూస్తూ మొత్తం చెప్పింది. తొమ్మిది పగిలిన మొదటి రోజు నుంచి వంశీ అడిగిన ప్రశ్న దాకా. పాండురంగం కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"పిల్లల ముద్ద తిన్ననా నేను?" అన్నాడు చివరకు. "గల్లీ గల్లంత చెప్పిన గదనే. ఇగ ఏ మొఖం పెట్టుకొని వాకిట్ల కూసోవాలె?"

"నువ్వడిగినవా? నేను తెచ్చిన."

"మరి పిల్లలకేం చెప్పినవ్?"

"పగిలినయన్న."

అతను ఆమె వైపు చూసిన చూపు కొట్టినట్టే ఉంది. "అవునే, నీకు యాదికున్నదా? వేలు పెట్టి కొలిచినోన్ని నా ముంగట ఎన్నిసార్లు తిట్టినవో? వాడన్న వేలు పెట్టిండు గని, పిల్లల మొఖం చూసి అబద్ధమాడలే."

తెల్లారి బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు లోపలికి వెళ్లాక, రాజక్క తరగతి గడప దగ్గర నిలబడింది. లిదియా టీచరు గబగబా ఎదురొచ్చి మెల్లగా, "వద్దు రాజక్కా. అయిపోయింది గద. నేను ఎవ్వలకు చెప్ప" అన్నది.

"మీతోని కాదు టీచరమ్మా. అబద్ధం పిల్లలతోని ఆడిన."

లోపలికి వచ్చింది. నిన్న నిలబడిన చోటే నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు ముడి వేసి, విప్పి, మళ్లీ ముడి వేసింది.

"నిన్న గుడ్లు పగలలే బిడ్డా. మొదట ఒక్కసారే పగిలినయి. తర్వాత ఎన్నడు పగలలే. మీ నాలుగో ముక్క నేనే ఇంటికి తీస్కపోయిన. వంశీ అడిగింది కరెక్టే. మానస లెక్క సుత కరెక్టే."

మధ్య గోడ సగమే కాబట్టి పక్క గదిలో కిషన్ రావు సారు గొంతు ఆగిపోయింది. రాజక్క తిట్ల కోసం ఎదురుచూసింది. పిల్లలకు తిట్టడం తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మానస లేచింది. "ఇంటికెందుకు రాజక్కా?"

"మా ఆయన కాలిరిగింది బిడ్డా. డాక్టరమ్మ గుడ్లు పెట్టుమన్నది." ఆ మాట అన్న వెంటనే, సాకు చెప్పినట్టు అనిపించి, "నేను సుత తిన్న" అని కలిపింది.

మానస ఇంకా నిలబడే ఉంది. "మరి తాత కాలు అతికిందా?"

రాజక్క ఏది వచ్చినా తట్టుకుందామని వచ్చింది. ఇది వస్తుందని అనుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల ఊపి, బయటకు వచ్చేసింది.

కిషన్ రావు సారు పై ఆఫీసుకు రాసి పంపలేదు. షెడ్డు దగ్గరకు వచ్చి, ముక్కు మూసుకోకుండానే, "పదమూడేళ్లు గుడ్లు నేను చూడలేదు రాజక్కా, నాది సుత తప్పే. ఇగ నుంచి గుడ్లు లెక్కపెట్టినంకనే ఉడకెయ్యాలె" అని మాత్రం అన్నాడు. లెక్కపెట్టే పని లిదియా టీచరు మానసకు ఇచ్చింది, ఆ పిల్ల లెక్కల్లో గట్టిది కాబట్టి.

పాండురంగం కాలు అతుక్కుంది. ఇప్పుడు కొంచెం కుంటుతూ మార్కెట్టుకు పోతున్నాడు. వాకిట్లో కూర్చుని గొప్పలు చెప్పడం మానేశాడు. ఇంట్లో గుడ్డు వండితే తినడు. రాజక్క కూడా వండడం లేదు. దసరా తర్వాత నుంచి సంక్రాంతి దాకా ఎన్ని గుడ్డు రోజులు, ఒక్కో రోజుకు తొమ్మిది చొప్పున ఎన్నయ్యాయి, ఆమెకు తెలియదు. మానసను అడిగితే బోర్డు మీద గీత గీసినంతసేపట్లో చెబుతుంది. ఆమె అడగలేదు. అడిగే ధైర్యం వచ్చిన రోజున ఆ పిల్లల్లో ఎందరు ఇంకా ఈ బడిలో ఉంటారో కూడా తెలియదు.

"నా చేతి కింద ఏ పిల్లగాని పళ్లెం వెలితిగ పోలే" అనే మాట ఆమె నోట మళ్లీ ఎవరూ వినలేదు.

గుడ్డు రోజున పొద్దున్నే మానస షెడ్డులోకి వస్తుంది. ట్రే ముందు గొంతుక్కూర్చుని, వేలు ఆనిస్తూ పైకి లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు. రాజక్క పొయ్యి ఊదుతున్నట్టు అటు తిరిగి కూర్చుంటుంది. గ్యాసు పొయ్యి వచ్చి రెండేళ్లయింది, ఊదాల్సిన పనేమీ లేదు.

"ముప్పై ఆరు, రాజక్కా. సరిపోయినయి గదా?"

"సరిపోయినయి బిడ్డా" అంటుంది రాజక్క, తల తిప్పకుండానే.